"బాగుంది సార్" అనే జవాబు: భౌతికశాస్త్ర తరగతుల్లో జట్టుపనిపై విద్యార్థుల అభిప్రాయాలను ఎలా చదవాలి?

న్యూటన్ వలయాల ప్రయోగం చేయకుండా బి.ఎస్‌సి. ఫిజిక్స్ గట్టెక్కినవాళ్లు తక్కువ. చీకటి గదిలో సోడియం దీపం వేస్తారు. అది ముందు గులాబీ ఎరుపులో వెలుగుతుంది, పసుపుకు తిరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లోనే నలుగురి బ్యాచ్‌లో పనుల పంపకం అయిపోతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఒకడు ట్రావెలింగ్ మైక్రోస్కోప్ ముందుకు స్టూలు లాక్కుంటాడు. ఇంకొకడు ఫోన్ లైటు వేసి వెర్నియర్ చదువుతాడు. "నీ రైటింగ్ బాగుంటుంది, నువ్వు రాయి" అని అబ్జర్వేషన్ పుస్తకం అమ్మాయి చేతికి వస్తుంది. నాలుగో వాడు గోడకు ఆనుకుని నిలబడి, అయిపోయాక ఆ పేజీని ఫొటో తీసుకుంటాడు. వారం తిరిగేసరికి నాలుగు రికార్డుల్లోనూ అవే రీడింగులు, అదే సగటు. కొట్టివేత కూడా ఒక్కోసారి ఒకే చోట ఉంటుంది.

సెమిస్టరు చివర ఈ నలుగురి చేతికీ ఫీడ్‌బ్యాక్ ఫారం వస్తుంది. బృందంగా పని చేయడం ఉపయోగపడిందా అని అందులో ఒక ప్రశ్న. నలుగురూ ఒకే గడిలో టిక్కు పెడతారు. నోటితో అడిగినా జవాబు మారదు: "బాగుంది సార్." నాలుగు వేర్వేరు అనుభవాలు ఒకే టిక్కులో కలిసిపోయాయి.

విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రంలో జట్టుపని మీద విద్యార్థులు చెప్పే మాటను ఎంతవరకు నమ్మవచ్చన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న. దీనికి సాక్ష్యాలు ఎక్కువగా ఉత్తర అమెరికా నుంచి వచ్చాయి. భౌతికశాస్త్ర బోధనను పరిశోధనాంశంగా తీసుకుని నాలుగు దశాబ్దాలుగా కొలుస్తూ వస్తున్నది ప్రధానంగా అక్కడే. వాటిని చదివాక నాకు తోచింది ఇది: జట్టుపనిలో "ఏమీ నేర్చుకోలేదు" అని విద్యార్థి అంటే కాస్త అనుమానించాలి. "పనంతా నా మీదే పడింది" అంటే మాత్రం నమ్మి విచారించాలి. ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా మార్చేస్తాయి.

పాఠం బాగుంది, పరీక్ష బాగాలేదు

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనుభవం అందరికీ తెలిసిందే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన లెక్చర్లకు విద్యార్థులు మంచి రేటింగులు ఇచ్చేవారు. 1990లో ఆయన తన తరగతికి బలం, చలనం మీద మౌలిక భావనలను పరీక్షించే ప్రశ్నపత్రం ఇచ్చారు. అందులో లెక్కలు లేవు. బరువైన లారీ, తేలికైన కారు ఢీకొంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపుతుందన్న తరహా ప్రశ్నలే. ఒక విద్యార్థి చేయెత్తి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను నిజంగా అనుకుంటున్నట్టు రాయాలా అని అడిగిందట. ఫలితాలు నిరాశపరిచాయి. 1991 నుంచి ఆయన పద్ధతి మార్చారు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి, ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకున్నాక పక్కవాళ్లతో వాదించుకోమనేవారు. ఆ తర్వాత మళ్లీ ఓటు. కేథరిన్ క్రౌచ్‌తో కలిసి 2001లో ఆయన ప్రచురించిన పదేళ్ల లెక్కల్లో ఈ మార్పు ఫలితం కనిపిస్తుంది. విద్యార్థులకు మొదట్లో తెలియనిదాంట్లో ఎంత వంతు నేర్చుకున్నారో చూసే కొలత పాత పద్ధతిలో 0.25 ఉండగా, కొత్త పద్ధతి మొదటి ఏడాదే 0.49కి చేరింది. 1997 నాటికి 0.74 అయింది.

ఒక్క తరగతి కథను పట్టుకుని తీర్పు చెప్పకూడదు. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల నుంచి, 6,542 మంది విద్యార్థుల లెక్కలు ఒకచోట చేర్చారు. ఇదే కొలతలో, లెక్చరు మీదే నడిచిన 14 కోర్సుల సగటు 0.23. విద్యార్థులు తమలో తాము చర్చించుకుంటూ, చేతులతో చేస్తూ నేర్చుకున్న 48 కోర్సుల సగటు 0.48. తేడా పెద్దదే. కానీ ఈ అంకెలు చాలావరకు అధ్యాపకులు తమంతట తాము పంపినవి. ఫలితం బాగా వచ్చినవాళ్లకే పంపాలన్న ఉత్సాహం ఉంటుంది కదా. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. లెక్చరు తరగతుల్లో తప్పినవాళ్లు 33.8 శాతం. విద్యార్థులు చురుగ్గా పాల్గొనే తరగతుల్లో 21.8 శాతం. దిశ మాత్రం మారలేదు.

ఇవన్నీ మార్కుల లెక్కలు. విద్యార్థికి ఏమనిపించిందో ఇవి చెప్పవు. భౌతికశాస్త్రంలో వైఖరులు కొలవడానికి ప్రసిద్ధమైన ప్రశ్నావళులు ఉన్నాయి. 1998లో మేరీల్యాండ్ నుంచి వచ్చినదాంట్లో 34 వాక్యాలు, 2006లో కొలరాడో నుంచి వచ్చినదాంట్లో 42 వాక్యాలు. కానీ అవి అడిగేది భౌతికశాస్త్రం మీద అభిప్రాయం, పక్కనున్న మనిషితో కలిసి చేయడం మీద కాదు. ఈ రెండింటినీ కలిపేసి "విద్యార్థుల వైఖరి" అని రాసే వ్యాసాలు మన దగ్గరా తరచూ కనిపిస్తాయి.

రెండు విశ్వవిద్యాలయాలు, ఒకే పరిశోధకుడు, ఎదురెదురు జవాబులు

అసలు చిక్కు ఇక్కడుంది. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి.

2011లో లూయీ డెలోరియే, ఎలెన్ షెల్యూ, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ కలిసి 'సైన్స్' పత్రికలో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థుల భౌతికశాస్త్ర కోర్సు. సుమారు 270 మందేసి ఉన్న రెండు సెక్షన్లు. పదకొండు వారాలు రెండింటికీ మామూలు లెక్చర్లే. పన్నెండో వారం ఒక సెక్షన్‌కు అనుభవమున్న, మంచి పేరున్న అధ్యాపకుడు లెక్చరే ఇచ్చారు. రెండో సెక్షన్‌ను పెద్దగా అనుభవం లేని ఇద్దరికి అప్పగించారు. ఇందులో విద్యార్థులు చిన్న గుంపులుగా ప్రశ్నలు చర్చించి, ఓటు వేసి, జవాబు వినేవారు. వారం చివరి పరీక్షలో లెక్చరు సెక్షన్ సగటు 41 శాతం, రెండోదాని సగటు 74 శాతం. ఆ వారం హాజరు కూడా రెండో సెక్షన్‌లో 57 నుంచి 75 శాతానికి పెరిగింది. పరీక్షకు అందరూ రాలేదని, ప్రయోగం ఒక్క వారమే నడిచిందని గుర్తుంచుకోవాలి. మనకు ఇక్కడ ముఖ్యమైనది వేరే అంకె. ఆ వారం పద్ధతి తమకు బాగా నచ్చిందని ఆ సెక్షన్‌లో జవాబిచ్చినవాళ్లలో 90 శాతం చెప్పారు. కోర్సంతా ఇలాగే చెబితే ఇంకా ఎక్కువ నేర్చుకునేవాళ్లమని 77 శాతం అన్నారు.

ఎనిమిదేళ్ల తర్వాత, 2019లో అదే డెలోరియే మరో నలుగురితో కలిసి హార్వర్డ్ నుంచి ఇంకో పరిశోధన వెలువరించారు. ఇందులో 149 మంది విద్యార్థులు. వాళ్లను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేశారు. స్థిర సమతాస్థితి పాఠం ఒక గుంపుకు చక్కటి లెక్చరుగా నడిచింది. రెండో గుంపు అవే లెక్కలను చిన్న జట్లుగా చేసింది, అధ్యాపకుడు వాళ్ల మధ్య తిరిగి చివర పరిష్కారం చెప్పారు. తర్వాతి తరగతిలో ద్రవాల పాఠానికి గుంపులు తారుమారు. చేతికిచ్చిన కాగితాలు, స్లైడ్లు రెండు చోట్లా ఒకటే. అంటే ప్రతి విద్యార్థీ రెండు రుచులూ చూశాడు. తరగతి అవగానే ప్రతిసారీ పరీక్ష, దాంతోపాటు నాలుగు వాక్యాలకు అంగీకారం ఎంతో చెప్పాలి: తరగతి ఆనందంగా ఉందా, బాగా నేర్చుకున్నానని అనిపించిందా, చెప్పినవాళ్లు బాగా చెప్పారా, ఫిజిక్స్ కోర్సులన్నీ ఇలాగే ఉండాలా. పరీక్షలో జట్టుగా చేసిన రోజు మార్కులు దాదాపు సగం ప్రామాణిక విచలనం మేర ఎక్కువ వచ్చాయి. నాలుగు వాక్యాలకూ మాత్రం లెక్చరు రోజే ఎక్కువ అంగీకారం.

ఎక్కువ నేర్చుకున్న రోజు తక్కువ నేర్చుకున్నట్టు అనిపించింది. దీనికి పరిశోధకులు చెప్పిన ప్రధాన కారణం మనకు కొత్తేమీ కాదు. బాగా చెప్పిన లెక్చరు వింటుంటే దారి నున్నగా ఉంటుంది. బోర్డు మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు అడుగు తడబడదు. ఆ నునుపు చెప్పేవారిది, మనమేమో మనదనుకుంటాం. జట్టులో కూర్చుని బల పటం గీస్తే ఘర్షణ ఎటు వేయాలో తెలియక ఇద్దరు వాదించుకుంటారు, సమీకరణం ఒకటి తక్కువవుతుంది, కాగితం కొట్టివేతలతో నిండుతుంది. ఆ గందరగోళంలో నేర్చుకోవడం జరుగుతున్నా, లోపల తెలిసేది గందరగోళమే. విషయం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు తమకెంత తెలుసో అంచనా వేసుకోవడం కష్టమనే సంగతీ దీనికి తోడు.

మరి కెనడాలో 90 శాతం ఎందుకు ఇష్టపడ్డారు? ప్రశ్నలు వేరు కాబట్టి జవాబులు వేరని అనుకుందామంటే కుదరదు. హార్వర్డ్‌లో ఆనందం గురించిన వాక్యానికి కూడా జట్టుపని రోజు తక్కువే వచ్చింది. నాకు తోచిన తేడా పోలికలో ఉంది. కెనడా విద్యార్థులు పోల్చుకున్నది తాము పదకొండు వారాలుగా కూర్చున్న లెక్చర్ల జ్ఞాపకంతో. హార్వర్డ్ విద్యార్థులు పోల్చుకున్నది అదే విషయం మీద శ్రద్ధగా సిద్ధం చేసిన ఒక లెక్చరుతో. కెనడాలో మూడు తరగతుల పాటు ఆ పద్ధతికి అలవాటుపడే సమయం దొరికింది, హార్వర్డ్‌లో ఒక్కో గుంపుకు ఒక్క తరగతే. ఇది నా ఊహ మాత్రమే. రెండు అధ్యయనాలూ దీన్ని తేల్చడానికి చేసినవి కావు. కానీ "విద్యార్థులకు జట్టుపని ఇష్టం" అనో "ఇష్టం లేదు" అనో ఒక్క వాక్యంలో రాసే ముందు ఈ రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడటం మంచిది. దేనితో పోల్చి, ఎన్నాళ్ల తర్వాత, ఏ మాటల్లో అడిగారన్నదాన్ని బట్టి వైఖరి అటో ఇటో ఒరుగుతుంది.

హార్వర్డ్ వ్యాసంలో చివర ఒక చిన్న ప్రయత్నం ఉంది. మరో సెమిస్టరు మొదట్లో విద్యార్థులకు ఈ తేడా గురించి సుమారు ఇరవై నిమిషాలు చెప్పారు: ఇలా అనిపిస్తుంది, కానీ పరీక్ష ఇలా చెబుతోంది అని. సెమిస్టరు ముగిసేసరికి 65 శాతానికి పైగా తమ అభిప్రాయం మెరుగుపడిందన్నారు. మొదట్లో చెప్పిన ఆ మాటలు ఉపయోగపడ్డాయని 75 శాతం అన్నారు. మంచిదే. అయితే ఇది కూడా విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకున్నదే. అనిపించడాన్ని అంతగా నమ్మవద్దని చెప్పిన వ్యాసం, చివరికి అనిపించడాన్నే సాక్ష్యంగా చూపడం కాస్త తమాషాగానే ఉంటుంది.

సంతకాల కాగితం

వైఖరి ఫారంలో టిక్కుగా ఆగిపోకుండా వీధికెక్కిన సందర్భం ఎం.ఐ.టి.లో వచ్చింది. అక్కడ జాన్ బెల్చర్ ముందుండి, మొదటి ఏడాది విద్యుదయస్కాంతత్వం కోర్సును పెద్ద లెక్చరు హాలు నుంచి గుండ్రటి బల్లల గదికి మార్చారు. బల్లకు తొమ్మిది మంది, ముగ్గురేసి మూడు జట్లు. ఈ ఏర్పాటుకు మూలం నార్త్ కరొలైనాలో రాబర్ట్ బైక్నర్ రూపొందించిన గది. 2001లో చిన్న స్థాయిలో మొదలై, 2003 వసంతంలో ఐదు వందల మందికి పైగా విద్యార్థులున్న పూర్తి కోర్సు ఇలా నడిచింది. ఆ సెమిస్టరులోనే 150 మందికి పైగా విద్యార్థులు ఈ పద్ధతి వద్దని సంతకాలు పెట్టిన పత్రం ఇచ్చారు. అంతకుముందు ఏడాది లెక్చరు పద్ధతిలో తప్పినవాళ్లు 13 శాతం. కొత్త గదిలో 5 శాతానికి లోపు అని డోరి, బెల్చర్ 2005లో రాశారు. పోల్చిన గుంపులు వేర్వేరు సంవత్సరాలవి కాబట్టి తేడా మొత్తాన్నీ బల్లల ఖాతాలో వేయలేం.

ఈ ఉదంతాన్ని "పిల్లలకు తమ మేలు తెలియదు" అని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. నేను అలా చెప్పను. అంతకుముందు లెక్చరుకు వెళ్లాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. కొత్త పద్ధతిలో హాజరుకు మార్కులు పెట్టారు. ఎవరి పక్కన కూర్చోవాలో కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ సంతకాల్లో నేర్చుకోవడం మీద అసంతృప్తి ఎంత, స్వేచ్ఛ పోయిందన్న కోపం ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. రెండోదాన్ని మార్కుల పట్టిక చూపించి కొట్టిపారేయలేం.

అందరూ అందలం ఎక్కితే

ఇప్పుడు రెండో రకం ఫిర్యాదు. "నేను చేశాను, అందరికీ మార్కులొచ్చాయి." అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరని మన సామెత. దీన్ని కొలిచినవాళ్లలో మొదటివాడు ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మన్. తాడు లాగించి బలం కొలిచిన ఆయన లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడు లాగే బలాన్ని వందగా తీసుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు మనిషికి 93, ముగ్గురైతే 85, ఎనిమిది మందైతే 49. ఇందులో కొంత తాడును ఒకేసారి లాగలేకపోవడం వల్ల, కొంత మనసు పెట్టకపోవడం వల్ల. 1979లో బిబ్ లతానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో ప్రయోగాలు చేసి ఈ రెండో భాగాన్ని విడదీశారు. తన పక్కన మరికొందరు అరుస్తున్నారని మనిషి నమ్మితే చాలు, తన గొంతు తగ్గిస్తాడు. 1993లో కారావ్, విలియమ్స్ 78 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఎవరు ఎంత చేశారో విడిగా తెలిసేచోట ఈ తగ్గుదల తక్కువగా ఉంటుందని తేలింది.

నన్ను ఎక్కువ ఆకర్షించింది 1983లో నార్బర్ట్ కెర్ చూపింది. పక్కవాడు చేయగలిగీ చేయడం లేదని తెలిస్తే, చేసేవాడు కూడా తన పని తగ్గించుకుంటాడు. అలా తగ్గించడం వల్ల తనకే నష్టమైనా సరే. తానొక్కడే వెర్రివాడు కాకూడదని. ఈ ప్రయోగాలు మనోవిజ్ఞాన ప్రయోగశాలలవి, ఫిజిక్స్ ల్యాబ్‌వి కావు. అయినా విద్యార్థి ఫిర్యాదును వీటి వెలుగులో చదివితే ఒక విషయం తెలుస్తుంది. "ఏమీ నేర్చుకోలేదు" అనే మాటను పరీక్ష కాదనవచ్చు. "నా మీదే పడింది" అనే మాటకు పరీక్ష ఎదురుచెప్పలేదు, ఎందుకంటే అది తన గురించిన అంచనా కాదు, కళ్లముందు జరిగినదాని గురించిన సాక్ష్యం. దాన్ని వినకపోతే ఏమవుతుందో కూడా తెలుసు: బాగా చేసేవాడు మెల్లగా చేయి వెనక్కి తీసుకుంటాడు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పెట్రీషియా హెల్లర్ బృందం 1992లో ప్రచురించిన రెండు వ్యాసాలు ఈ విషయంలో ఇప్పటికీ పనికొస్తాయి. ఒక వ్యక్తి ఒంటరిగా చేయలేనంత చిక్కైన లెక్కలు ఇచ్చారు. జట్టుకు ముగ్గురు, వేర్వేరు స్థాయిల వాళ్లు. ఒకరు పని నడిపించాలి, ఒకరు రాసి సరిచూడాలి, ఒకరు ప్రతి మెట్టునూ అనుమానించాలి. ఈ పాత్రలు వారం వారం మారతాయి. తరగతి చివర కాసేపు తమ జట్టు ఎలా పనిచేసిందో తామే మాట్లాడుకోవాలి. పరీక్షలో ఒక లెక్క జట్టుగా, మిగతావి ఎవరికి వారు. ఒకే స్థాయి లెక్కల్లో జట్టు పరిష్కారాలు ఆ జట్టులోని అత్యుత్తమ విద్యార్థి ఒంటరిగా చేసినవాటికంటే మెరుగ్గా వచ్చాయి. మరో నియమం మనకు మరీ ముఖ్యం: తరగతిలో ఒకరితో ఒకరిని పోల్చి గ్రేడు వేయరు. పక్కవాడికి సాయం చేస్తే నా గ్రేడు పడిపోతుందన్న భయం ఉన్నచోట జట్టు అన్న మాటకు అర్థం ఉండదు. ఇంటర్మీడియట్‌లో రెండేళ్లు ఈఏపీసెట్ ర్యాంకు కోసమే బతికి డిగ్రీకి వచ్చిన కుర్రాడికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

మైక్రోస్కోప్ ఎవరి చేతిలో ఉంది?

మూడో రకం సమస్య ఫిర్యాదుగా కూడా బయటికి రాదు. మిన్నెసోటా పరిశీలనల్లోనే ఇది కనిపించింది. ఇద్దరబ్బాయిలు, ఒక అమ్మాయి ఉన్న జట్లలో, ఆ అమ్మాయే అందరికంటే బాగా చదివేదైనా, అబ్బాయిల వాదనలో ఆమె మాట మునిగిపోయేది. 2020లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ల్యాబుల్లో ఎవరు ఏ పనిలో ఎంతసేపు ఉన్నారో గమనించి లెక్కగట్టారు. మెట్టు మెట్టుకూ సూచనలున్న పాత తరహా ల్యాబుల్లో అబ్బాయిలకూ అమ్మాయిలకూ పనుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. విద్యార్థులే ప్రయోగాన్ని రూపొందించుకోవాల్సిన కొత్త ల్యాబుల్లో మాత్రం తేడా క్రమబద్ధంగా కనిపించింది. ఆ పనులను ఎవరూ కేటాయించలేదు, వాటంతట అవే అలా పడ్డాయి. స్వేచ్ఛ ఇచ్చినచోటే అసమానత పెరగడం మింగుడుపడని విషయం. బహుశా అమ్మాయిలకు తమ వంతుకు పడిన పనులే ఇష్టమేమో అన్న సందేహం రావడం సహజం. అదే విశ్వవిద్యాలయం నుంచి 2022లో వచ్చిన తర్వాతి పని ఈ ప్రశ్నను నేరుగా అడిగింది. ఇష్టాల్లో తేడాలతో ఆ పంపకాన్ని వివరించలేకపోయింది.

పిట్స్‌బర్గ్‌లో డానీ డుసెట్, రస్సెల్ క్లార్క్, మన దేశం నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తున్న చంద్రలేఖ సింగ్ 2020లో ఇలాంటి ల్యాబ్ జంటలను వర్ణించారు. ఒక రకంలో అమ్మాయి పనంతా నడిపిస్తుంది, అబ్బాయి తేలికగా గడిపేస్తాడు. దానికి హ్యారీ పాటర్ కథల్లోని హెర్మయొనీ పేరు పెట్టారు. ఇంకో రకంలో అబ్బాయి పరికరంతో ఆడుతుంటాడు, అమ్మాయి గుమాస్తాలా రాస్తుంది. ఈ రెండో రకం చదువుతుంటే, "నీ రైటింగ్ బాగుంటుంది" అన్న మాట నాకు మళ్లీ వినిపించింది. ఆ మాట పొగడ్తలాగే ఉంటుంది. రాసే అమ్మాయికి కూడా అది పొగడ్తగానే అనిపించవచ్చు. అందుకే ఫారంలో ఆమె టిక్కు "బాగుంది" దగ్గరే పడుతుంది. సంతృప్తిని అడిగే ప్రశ్నకు ఈ విషయం చిక్కదు, ఎవరైనా చూసి రాసుకుంటేనే దొరుకుతుంది.

మన ఫారాల సంగతి

ఈ లెక్కలను తెచ్చి మన డిగ్రీ కళాశాలల మీద అలాగే అతికించకూడదు. హార్వర్డ్‌లో ఒక్క తరగతికి చేసిన ఏర్పాటును సెమిస్టరంతా నడపడం, అదీ ఒకే సోడియం దీపం కోసం మూడు బ్యాచ్‌లు వరసలో ఎదురుచూసే ల్యాబులో, వేరే సంగతి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సెమిస్టరు చివరి రాత పరీక్ష ఎవరికి వారే రాయాలి. ప్రాక్టికల్ పరీక్షలో ప్రయోగం, వైవా రెండూ ఒంటరివే. అంటే జట్టులో నేర్చుకున్నదాన్ని జట్టుగా చూపే చోటు పరీక్షలో లేదు. ఇక భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కళాశాలల్లో బోధన ఆంగ్ల మాధ్యమానికి మారింది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన విద్యార్థికి లెక్చరు ఇంగ్లీషులో, పక్కవాడితో చర్చ తెలుగులో. చర్చ వల్ల ఇతనికి కలిగే మేలు అమెరికా లెక్కల్లో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అక్కడ ఈ సమస్యే లేదు. అలాంటి మేలు నిజంగా ఉందో లేదో ఇక్కడే కొలిచి చూడాలి.

కొలవడానికి అవకాశాలూ ఉన్నాయి. న్యాక్ గుర్తింపు కోసం కళాశాలలు విద్యార్థి కేంద్రిత పద్ధతులు, పాల్గొనే అభ్యాసం గురించి రాయాలి. విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా ఉంటుంది. జట్టుపని చేయించామని ఒకచోట, విద్యార్థులు సంతృప్తిగా ఉన్నారని ఇంకోచోట. ఈ రెండింటి మధ్యా ఉన్న అసలు ప్రశ్నలను ఏ గడీ అడగదు. నేనైతే "బృందంగా పని చేయడం ఉపయోగపడిందా" అన్న ప్రశ్నను తీసేసి, దాని చోట మూడింటిని పెడతాను. ఈ ప్రయోగాన్ని ఇప్పుడు మీరు ఒంటరిగా చేయగలరా? మీ బ్యాచ్‌లో ఎవరు ఏ పని చేశారు? పని పంపకం ఎవరు నిర్ణయించారు? మొదటిదాని జవాబును ప్రాక్టికల్ పరీక్ష మార్కులతో పోల్చి చూడవచ్చు. అనిపించినదానికీ వచ్చినదానికీ ఎంత దూరమో మన విద్యార్థుల మీదే తేలుతుంది. రెండోదాన్ని నలుగురినీ విడివిడిగా అడగాలి. జవాబులు కలవకపోతే, కలవకపోవడమే అక్కడ దొరికిన సమాచారం. మూడోదానికి చాలామంది "ఎవరూ కాదు" అనే రాస్తారని నా అంచనా.

చిన్న ల్యాబులో పాత్రలు మార్చడం కూడా కష్టమేమీ కాదనుకున్నాను, న్యూటన్ వలయాల దగ్గరికి వచ్చేదాకా. ట్రావెలింగ్ మైక్రోస్కోప్ మరను ఒకే దిశలో తిప్పాలి. ఎడమ వైపు ఇరవయ్యో వలయం నుంచి మొదలుపెట్టి, కేంద్రం దాటి, కుడి వైపు ఇరవయ్యో వలయం దాకా. మధ్యలో వెనక్కి తిప్పితే మర పళ్ల మధ్య ఉన్న సందు వల్ల రీడింగులో బ్యాక్‌లాష్ దోషం వస్తుంది. అందుకని సగంలో చేయి మారడం ఎవరికీ ఇష్టం ఉండదు. "నేను తిప్పుతాను" అని పదో వలయం దగ్గర ఆ అమ్మాయి అడిగితే, అలవాటు లేని చేయి కదా, మర అటూ ఇటూ కదిలితే మొదటి నుంచి రావాలని మిగతా ముగ్గురూ వద్దంటారు. వాళ్లు చెప్పే కారణం భౌతికశాస్త్రం ప్రకారం సరైనదే. ఆమెకు ఆ మర దక్కాలంటే క్రాస్‌వైర్‌ను మళ్లీ ఎడమ చివరికి తీసుకెళ్లి, ఇరవయ్యో వలయం అంచుకు తాకించి, రెండో పట్టిక గీసి మొదలుపెట్టాలి. దానికి ఇంకో అరగంట పడుతుంది. బయట ఇంకో బ్యాచ్ ఆ దీపం కోసం నిలబడి ఉంటుంది.